కుర్చీల చప్పుడు

మా పెదనాన్నకు కళ్లు కనిపించడం లేదని ఒక కాఫీ కప్పు వల్ల నాకు తెలిసింది.

హోటల్లో పనికి చేరిన రోజు ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం, కప్పు అంచుకు వేలు తగలకూడదని. "తాగేవాడి పెదవి ఆనేచోట మన వేలు పడిందంటే, వాడు తాగేది కాఫీ కాదే, మనం చెయ్యి కడుక్కున్న నీళ్లు" అనేవాడు. అలాంటి మనిషి ఆ రోజు పొద్దున గోడవైపు తిరిగి నిలబడి, చూపుడువేలు కప్పులోకి వంచిపెట్టి కాఫీ పోస్తున్నాడు. వేడి వేలికి తగలగానే పొయ్యడం ఆపాడు. వేలు తువాలుకు తుడుచుకుని, కప్పు ట్రేలో పెట్టుకుని, నవ్వుముఖంతో హాల్లోకి వెళ్లాడు.

నేను గ్లాసుల అలమర పక్కనే ఉన్నాను. రెండడుగుల దూరం. అక్కడెవరూ లేనట్టే నా పక్కనుంచి వెళ్లిపోయాడు.

ఆ హోటలుకు అరవై ఏళ్లు. నాపరాళ్లు పరిచిన పొడవాటి హాలు, పద్నాలుగు బల్లలు, యాభై ఆరు ఇనపకాళ్ల కుర్చీలు. ఏం దొరుకుతాయో రాసిన కార్డు లేదు, గోడమీద బోర్డు లేదు. వచ్చేవాళ్లు తాతల కాలంనుంచి వస్తున్నవాళ్లు, వాళ్లకు బోర్డుతో పనిలేదు. కొత్తవాళ్లకు పెదనాన్నే బోర్డు. ఆర్డరు కాగితంమీద రాసుకోవడం కూడా ఆ హోటల్లో లేదు. ఎనిమిది బల్లల దగ్గర ఎవరెవరు ఏమడిగారో విని, వంటగది కిటికీ దగ్గరికి వచ్చి ఒక్క ఊపిరిలో అప్పజెప్పేవాడు. "మూడుకి రెండు సూపు, ఒకటి మిరియం లేకుండా. అయిదుకి ఆమ్లెట్, ఉల్లి వద్దు. పదకొండుకి రొట్టె, మాడు తీసి. మాస్టారికి ఎప్పటిదే!" అందుకే అందరూ ఆయన్ని టేప్‌రికార్డర్ అనేవాళ్లు. పిల్లలైతే ఉత్త టేపుతాత.

పదహారో ఏట అంట్లు తోమడానికి వచ్చాడట. మూడేళ్లు తొట్టి దగ్గర, తర్వాత నలభై ఒక్కేళ్లు హాల్లో. మధ్యలో పెళ్లయింది, పెద్దమ్మ పోయింది, పిల్లలు లేరు. ఇప్పటి యజమాని ఆయన చేతిలో పాలు తాగి పెరిగినవాడే, ఆయన్ని బాబాయ్ అని పిలుస్తాడు. మా నాన్న పోయినప్పుడు అమ్మనూ నన్నూ తన రెండు గదుల ఇంటికి తెచ్చుకున్నాడు. అమ్మకు జబ్బు చేసి మంచం పట్టేసరికి ఎనిమిదో తరగతి మధ్యలో నా బడి ఆగిపోయింది. అమ్మ లేచి తిరిగేనాటికి, చిన్నపిల్లల మధ్య మళ్లీ బెంచీ ఎక్కడానికి నాకు సిగ్గేసింది. పెదనాన్న నన్ను హోటలుకు తీసుకెళ్లి గ్లాసుల అలమర వెనక నిలబెట్టాడు. "ఇక్కడ ఎవరూ నిన్ను మాట్లాడించరు. గ్లాసులు తుడుచుకో, బల్లలు తుడుచుకో" అన్నాడు. నాలుగేళ్లుగా అదే చేస్తున్నాను. ఆ హాల్లో నా గొంతు ఎవరూ వినలేదు. వంటామె నన్ను పిల్లి అనేది, వచ్చిందీ పోయిందీ తెలియదని.

కప్పు సంగతి చూశాక వారం రోజులు నేను ఆయన్ని తప్ప ఇంకేమీ చూడలేదు. కిటికీనుంచి ప్రతి బల్లకూ ఆయన వేసే అడుగులు లెక్కే. మూడుకి అయిదడుగులు, తొమ్మిదికి పదకొండు. కొత్తగా ఎవరైనా కూర్చుంటే ముందు నవ్విస్తాడు. "ఏం సార్, ఇన్నాళ్లకా దర్శనం? మా వంటామె మీమీద బెంగపెట్టుకుంది." వాళ్లు ఏదో ఒకటి అనేదాకా ఆగుతాడు. గొంతు విన్నాకే ఆయన ముఖం వాళ్లవైపు సరిగ్గా తిరుగుతుంది. నలభై ఏళ్లుగా హాస్యమని అందరూ అనుకునేది ఇప్పుడు ఆయనకు చేతికర్ర.

ఆయన చేతిలో ఎప్పుడూ సలసలా కాగే సూపు గిన్నెలుండేవి. నాకు రోజూ ఒకటే బొమ్మ కళ్లముందు ఆడేది. ఆ గిన్నె ఎవరి ఒళ్లోనో పడుతుంది. ఆ మర్నాటినుంచి పెదనాన్న ఆ హాలు గడప తొక్కడు.

అడగడానికి నోరు రాలేదు. ఒక మధ్యాహ్నం పని అయ్యాక పెరటి మెట్టు దగ్గర ఆయన చెప్పులు రెండడుగులు పక్కకు జరిపి నిలబడ్డాను. ఆయన వచ్చి, పాదంతో నేల తడిమాడు. ఇటు తడిమాడు, అటు తడిమాడు. నాకు ఏడుపొచ్చింది.

"చెప్పులు జరిపావు కదూ?" అన్నాడు, తల ఎత్తకుండానే.

"ఊఁ."

"తెలిసి ఎన్నాళ్లయింది?"

"వారం."

"నయమే. మిగతావాళ్లకి రెండేళ్లయినా తెలియలేదు. నీకు కళ్లెక్కువ, నోరు తక్కువ. పద్ధతిగా ఉంది వరస" అని నవ్వి మెట్టుమీద కూలబడ్డాడు. "డాక్టరు దగ్గరికి వెళ్లానే. లోపల నరం ఎండిపోతోందట. ఎండిన కొమ్మకి నీళ్లు పోస్తే చిగురిస్తుందా అని నన్నే అడిగాడు మహానుభావుడు. ముందు అంచులు పోయాయి. ఇప్పుడు మధ్యలో కూడా పొగమంచే."

"మరి ఎలా నడుస్తున్నావు?"

"కుర్చీలు చెప్తాయి." ఆయన గొంతు దాదాపు సంతోషంగా ఉంది. "విను ఎప్పుడైనా. మూడో నంబరు కుర్చీలు కీచుమంటాయి. ఆరోది గురకపెడుతుంది. దర్జీ కుర్చీని రెండుసార్లు లాగుతాడు, ఒకసారి బయటికి, ఒకసారి తన పొట్టకోసం. లెక్కల మాస్టారు ఎత్తి పెడతాడు, చప్పుడు చెయ్యడు, కానీ కూర్చోగానే దగ్గుతాడు. ఎవరు వచ్చారు, ఎవరు లేస్తున్నారు, ఎవరి కాలు దారిలో ఉంది, అన్నీ ఆ రాళ్లమీదే రాసుంటాయి నాకు. కాగితంమీద ఎన్నడు రాశాను గనక?"

"ఎవరిమీదైనా పడితే?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "నాకు మాత్రం భయం లేదనుకున్నావా? ట్రే ఎత్తిన ప్రతిసారీ ప్రాణం అరచేతిలోకొస్తుంది" అన్నాడు. "కానీ ఇంట్లో కూర్చుంటే నేనెవరినే? అక్కడైతే టేప్‌రికార్డర్ని. ఇంకొన్నాళ్లు. ఎవరికీ చెప్పకు తల్లీ."

చెప్పనన్నాను. ఆ మాట ఇచ్చినందుకు ఆ తర్వాత నాకు కంటినిండా నిద్రలేదు.

మా ఇద్దరి మధ్యా ఒక గుర్తు పెట్టుకున్నాం. దారిలో ఎవరైనా నిలబడితే నేను రెండు గ్లాసులు తాకించి రెండుసార్లు మోగించాలి. ఆయన ఆగుతాడు. దారి ఖాళీ అయ్యాక ఒకసారి. గ్లాసులు తుడిచే పిల్ల గ్లాసులు మోగిస్తే ఎవరు పట్టించుకుంటారు? నాలుగు నెలలు అలా గడిచాయి. ఆయన ట్రే ఎత్తగానే నేను ఊపిరి బిగబట్టేదాన్ని, దించాక వదిలేదాన్ని. సాయంత్రానికి నా పక్కటెముకలు నొప్పిపుట్టేవి. ఒకసారి దర్జీ చంటిపిల్లవాడిలా కాలు చాపుకు కూర్చుంటే, రెండుసార్లు మోగించేలోపు పెదనాన్న పాదం దర్జీ బూటుకు తగిలింది. చుక్క కూడా ఒలకలేదు. "కాలు మడవండి సార్, దానికి కూడా సూపు వడ్డించమంటారా?" అన్నాడు పెదనాన్న. హాలంతా నవ్వింది. నేను అలమర వెనక నేలమీద కూర్చుండిపోయాను.

ఆ తర్వాత చేసిన తప్పు నాదే. ఇంకెవరూ చెయ్యలేరు ఆ తప్పు.

ఒక కస్టమరుకు తలనొప్పట. కుర్చీల గోల భరించలేకుండా ఉన్నానని యజమానితో అన్నాడు. యజమాని మెతక మనిషి. ఒక అట్టపెట్టెనిండా నల్లటి రబ్బరు తొడుగులు తెచ్చాడు. సెలవురోజు పొద్దున నేను హాలు కడగడానికి వెళితే ఆ పెట్టె నా చేతికిచ్చి, "అమ్మాయ్, కుర్చీలకి ఇవి తొడిగెయ్. నీకు ఓపికెక్కువ" అన్నాడు. పెదనాన్న ఇంట్లో ఉన్నాడు.

నేను నేలమీద చతికిలబడి ఒక్కొక్క కుర్చీ బోర్లించి, కాలికొకటి తొడుగుతూ పోయాను. యాభై ఆరు కుర్చీలు, రెండువందల ఇరవైనాలుగు తొడుగులు. నాకు నచ్చే పని అది. ఎవరితో మాట్లాడనక్కర్లేదు. అన్నీ అయ్యాక ఒక కుర్చీ లాగి చూశాను. చప్పుడే లేదు, పిల్లి నడిచినట్టుంది. మురిసిపోయాను కూడా. నా కళ్లు నాలుగు నెలలుగా ఆయన్ని కాపలా కాస్తున్నాయే తప్ప, నా బుద్ధి మాత్రం గడ్డి తిన్నది. ఇంటికెళ్లి చెప్పాలని కూడా తోచలేదు.

మర్నాడు పొద్దున అందరూ గల్లా దగ్గర నిలబడి కాఫీ తాగి పోయేవాళ్లే, కుర్చీల పని పడలేదు. మధ్యాహ్నం భోజనాల వేళయింది. పెదనాన్న తువాలు భుజానేసుకుని హాలు మధ్య నిలబడ్డాడు, ఎప్పటిలాగే తల కాస్త ఓరగా వంచి.

దర్జీ వచ్చి కూర్చున్నాడు. ఫొటో స్టూడియోవాళ్లు నలుగురు వచ్చి కూర్చున్నారు. ముసలి దంపతులొకరు. మూడు బల్లలు నిండాయి, నాలుగోది నిండుతోంది. పెదనాన్న కదల్లేదు. మెల్లగా నా వైపు వచ్చి, పెదవులు కదలకుండా అడిగాడు.

"ఏంటే, ఇవాళ ఒక్కడూ రాలేదు?"

ఆయన భుజం వెనకనుంచి దర్జీ ఆయన్నే చూస్తున్నాడు, ఇంకా పలకరించలేదేమని. నేను నా చేతుల వైపు చూసుకున్నాను. గోళ్ల సందుల్లో రబ్బరు నలుపు ఇంకా పోలేదు. అప్పుడు తెలిసింది నాకు.

"పెదనాన్నా... కుర్చీలకి రబ్బర్లు వేశాను. నిన్న."

"ఎన్నింటికి?"

"అన్నిటికీ."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి అలమర అంచును పట్టుకుంది.

"కడుపునొప్పని చెప్పు" అన్నాను. "ఇంటికెళ్దాం. రేపటికి తీసేస్తాను అన్నీ. నీ కాళ్లకి దణ్ణం పెడతాను."

"నలభై ఒక్కేళ్లలో భోజనాల వేళ వెనక్కి తిరిగింది లేదు." తువాలు సర్దుకున్నాడు. "గ్లాసులు గట్టిగా మోగించు. అంతే."

వెళ్లిపోయాడు. ఆ రోజు ఆయన ఎంత నవ్వించాడో. గాలిలోకి విసిరినట్టు, "ఏమండోయ్, నోళ్లలో ఏం పెట్టుకొచ్చారు, మాటలే లేవు?" అన్నాడు. వాళ్లు నవ్వి అరిచిన దిక్కుకల్లా వెళ్లి ఆర్డర్లు తీసుకున్నాడు. చమట చొక్కా వీపుమీద మచ్చలా పరుచుకుంది.

తొమ్మిదో బల్లకు ఒక కుటుంబం వచ్చింది. తల్లి, అమ్మమ్మ, మేనమామ, నాలుగేళ్ల పాప. నాలుగు సూపులు. పెదనాన్న కిటికీ దగ్గర అప్పజెప్పాడు.

"పొగలు కక్కుతోంది, చూసి పట్టుకెళ్లవయ్యా" అంది వంటామె లోపలినుంచి.

"నువ్వు వండింది పొగ తప్ప ఏముంటుందిలే" అన్నాడు.

"నీ నోట్లో నా గరిట పెట్ట!"

ట్రే ఎత్తాడు. నేను ఊపిరి బిగబట్టాను. ఒకటి. రెండు.

అప్పుడే పాప కుర్చీలోంచి జారింది. కుర్చీ వెనక్కి జరిగింది, చిన్న చప్పుడు కూడా కాకుండా. చెంచా కింద పడింది కాబోలు, బల్లల మధ్య దారిలో చతికిలబడి, చెంచాతో రాళ్ల అతుకులమీద గీతలు గీస్తోంది. పెద్దవాళ్లు ముగ్గురూ ఏదో మాటల్లో ఉన్నారు.

రెండుసార్లు మోగించాను. స్టూడియోవాళ్ల బల్ల ఘొల్లున నవ్వింది. మూడు. నాలుగు. మళ్లీ మోగించాను, బలంగా. గ్లాసు నా చేతిలో పగిలింది.

"పోయింది ఒకటి! దాని ఆయుష్షు అంతే" అన్నాడు పెదనాన్న, ఆగకుండా. గ్లాసు పగిలినప్పుడల్లా ఆయన అనే మాటే అది. అందరూ నవ్వారు. అయిదు. ఆరు. పాప తల ఆయన మోకాలి ఎత్తులో ఉంది. ఏడు. పరుగెత్తితే అందను. అలమర అడ్డం. ఎనిమిది.

"పెదనాన్నా, ఆగు! నీ ముందు పాప ఉంది!"

ఆ గొంతు నాదని నాకే తెలియలేదు.

ఆయన ఆగిపోయాడు, ఎత్తిన పాదం ఎత్తినట్టే. ట్రే ఊగింది. సూపు పొర్లి ఆయన మణికట్టుమీదుగా మోచేతిదాకా కారింది. ట్రే మాత్రం వదల్లేదు. పాప తల ఎత్తి ఆయన పాదం వైపు, ఆ తర్వాత పైకి చూసింది. "టేపుతాతా, ఇది నా ఇల్లు. తొక్కకు" అంది, గీసిన గీతలు చూపిస్తూ.

అందరూ పాపను చూశారు. పట్టపగలు, ఎర్ర గౌనులో, ఆయన పాదానికి జానెడు దూరంలో. ఆ తర్వాత ఆయన కళ్ల వైపు చూశారు. ఆ కళ్లు పాపకు ఒక బారెడు పైన ఎక్కడో ఉన్నాయి. నేను పాపను కాపాడాను. అదే మాటతో పెదనాన్నను పట్టిచ్చాను.

యజమాని గల్లా దిగి వచ్చి ముందు ట్రే అందుకున్నాడు. అది బల్లమీద పెట్టి, తన చెయ్యి ఆయన ముఖం ముందు పెట్టాడు.

"బాబాయ్, ఇవి ఎన్ని వేళ్లు?"

"మీ నాన్నకి అయిదుండేవి బాబూ. నీకూ అన్నే ఉండాలి."

ఎవరూ నవ్వలేదు. ఆయన మాటకు ఆ హాలు నవ్వకపోవడం అదే మొదలు.

తల్లి పాపను ఎత్తుకుని గుండెకు అదుముకుని, తినకుండానే వెళ్లిపోయింది. ఎన్నాళ్లనుంచని యజమాని అడిగితే, రెండేళ్లన్నాడు పెదనాన్న. వంటామె గరిటతోనే హాల్లోకి వచ్చింది. "సలసలా కాగేది పోశానయ్యా నేను. ఆ పసిదాని నెత్తిన పడుంటే నా చేతులు నరుక్కునేదాన్ని. రెండేళ్లా? రెండేళ్లు నాకు చెప్పకుండా?" అని అరిచింది. అరుస్తూనే ఆయన కాలిన చేతిని తన కొంగుతో తుడిచింది.

"ఇక ట్రే ముట్టుకోవద్దు బాబాయ్" అన్నాడు యజమాని, నేలవైపు చూస్తూ. "ఇంటికి పద."

మర్నాటినుంచి ట్రే నా చేతికొచ్చింది. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బల్లల దగ్గర నిలబడితే చెవుల్లో హోరు, ఎవరేమడిగారో కిటికీ దగ్గరికొచ్చేసరికి సగం మరిచిపోయేదాన్ని. పెదనాన్న ఇంట్లో మంచంమీద కూర్చుని, "ఇప్పుడు దర్జీ వచ్చుంటాడు. ఇప్పుడు మాస్టారు" అని గొణుక్కునేవాడట. అమ్మ చెప్పింది. నాతో మాత్రం మాట్లాడలేదు. కోపమో, సిగ్గో, అడిగే ధైర్యం నాకు లేదు. ఇంట్లో నడుస్తూ తలుపుకు నుదురు కొట్టుకున్నాడు. నలభై ఒక్కేళ్లు హాలు అడుగులు లెక్కపెట్టాడే కానీ, సొంత ఇంటివి ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు.

నాలుగో రోజు యజమాని నన్ను పిలిచాడు. "రేపు బాబాయ్‌ని తీసుకురా. భోజనానికి."

ఇంటికొచ్చి అమ్మతో చెబితే, పెదనాన్న ఉలిక్కిపడి ఆమెనే అడిగాడు. "భోజనానికా? అక్కడ కూర్చునా?"

పనివాళ్లు హాలు కుర్చీలో కూర్చోకూడదన్నది పెద్ద యజమాని కాలంనాటి నియమం. వంటగది వెనక నిలబడి తినడమే. అన్నేళ్లూ ఆ కుర్చీల గొంతులు విన్నాడే తప్ప, ఒక్కదానిలోనూ కూర్చోలేదు.

ఆయన నా మోచెయ్యి పట్టుకుని వచ్చాడు. గడప దగ్గర ఆగాడు. ఆయన్ని ఒక బల్ల దగ్గరికి నడిపించి, కుర్చీమీద ఆయన చెయ్యి ఉంచాను. ఆయన లాగాడు. ఇనపకాలు రాతిమీద గురకపెట్టింది.

"ఆరో నంబరు" అన్నాడు. ఇంకాసేపటికి, "తీసేశావా?"

"అన్నీ. నిన్న పొద్దున్నే. అడక్కుండానే తీసేశాను."

"అడక్కుండానే! నువ్వేనా?" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత నాతో ఆడిన మాటలవి. మెల్లగా కూర్చుని, బల్ల అంచులు రెండు చేతులా తడిమి చూసుకున్నాడు, పరీక్షకు వచ్చిన పిల్లవాడిలా. చుట్టూ మాటలు తగ్గాయి. దర్జీ పలకరించబోయి ఆగిపోయాడు.

నేను ఆయన పక్కన నిలబడ్డాను.

"ఏం కావాలి?" అన్నాను.

"ఏమున్నాయి?"

ఆ హోటల్లో బోర్డు లేదు. బోర్డు ఆ కుర్చీలో కూర్చుని ఉంది. నేను చెప్పాలి. మొదలుపెట్టాను, రెండు మరిచిపోయి మళ్లీ వెనక్కొచ్చాను. ఆయన తల ఓరగా వంచి విన్నాడు.

"ఒక సూపు" అన్నాడు. "మిరియం తక్కువ."

కిటికీ దగ్గరికి వెళ్లి పిలిచాను. మాట లోపలికి చేరలేదు. వంటామె గరిట ఆపి నా వైపు చూసింది. "పిల్లీ, కాస్త గట్టిగా అరువు" అంది మెల్లగా. కళ్లు మూసుకుని అరిచాను. "ఆరుకి ఒక సూపు! మిరియం తక్కువ!"

గిన్నె ట్రేలోకి వచ్చింది. ఆవిరి నా ముఖానికి కొట్టింది. కిటికీనుంచి ఆరో నంబరుకు ఎనిమిదడుగులు, నాకు తెలుసు. ఒకటి. రెండు. నాకు కళ్లున్నాయి, దారి ఖాళీగా ఉంది, అయినా గిన్నె అంచున సూపు వణుకుతూనే ఉంది. రోజూ ఇంత భయంతో ఆయన నవ్విస్తూ ఎలా నడిచాడో నాకు అర్థం కాలేదు. వెనక ఏదో కుర్చీ కీచుమంది. మూడో నంబరు. ఎవరో లేస్తున్నారు. తిరిగి చూడకుండానే ఆగాను. వాళ్లు దాటి వెళ్లాక మళ్లీ నడిచాను.

గిన్నె ఆయన ముందు పెట్టాను. ఆవిరి తగిలిన వైపుకు ఆయన ముఖం తిప్పాడు.

"వేలు ముంచలేదు కదా?" అన్నాడు.

"లేదు."

"నేను ముంచేవాణ్ణి" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా. చెంచా కోసం బల్లమీద వెతుకుతున్న ఆయన చేతిని నేను పట్టుకోలేదు. చెంచాను గిన్నెకు ఒకసారి తాకించి మోగించి, అక్కడే పెట్టాను.